కాకసస్ కొండల కింద, ఇద్దరికి ఏడు రాత్రులు

(రికార్డింగ్ విని రాసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

ఇవాళ మన విషయం అజర్‌బైజాన్. అయితే బాకు నగరం గురించి చెప్పను. దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బాకు నుంచి పడమటికి వెళ్తే మహా కాకసస్ పర్వతాల దక్షిణపు వాలు మొదలవుతుంది. ఆ వాలు కింద వరసగా షమాఖి, ఇస్మాయిల్లి, లాహిజ్, గబలా, చివర షెకి. వాల్‌నట్ చెట్లు, హేజెల్‌నట్ తోటలు, చెస్ట్‌నట్ అడవులు. అక్కడ భార్యాభర్తలిద్దరూ తొందర లేకుండా వారం రోజులు ఎలా గడపాలి? ఏం తినాలి, ఎప్పుడు తినాలి, ఎక్కడ పడుకోవాలి? ఇదీ ఇవాళ్టి మాట.

ముందే ఒక్క మాట చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఈ ప్రాంతంలో ప్రయాణాన్ని మ్యాపు చూసి వేసుకోకండి, భోజనం చూసి వేసుకోండి. ఎందుకంటారా? అక్కడి వంటలకు వేళలున్నాయి. పితి అనే వంటకం తెల్లవారుజామున పొయ్యి మీదికెక్కి మధ్యాహ్నానికి తయారవుతుంది. సాయంత్రం వెళ్తే అయిపోయిందంటారు. గబలాలో ఒక జలపాతం, ఒక కేబుల్ కారు, ఒక సరస్సు అని లెక్కపెట్టుకుంటూ పోతే ఏమవుతుంది? మధ్యాహ్నం మూడున్నరకి ఆకలితో దారిపక్కన ఏదో ఒక కబాబ్ హోటల్లో కూర్చుంటారు. ఇద్దరికీ విసుగొస్తుంది. ఆ విసుగుకి కారణం ఆ ఊళ్లు కావు, వేసుకున్న ప్లాను.

బాకు నుంచి గబలాకి ఒక్కరోజు టూర్లు చాలా అమ్ముతారు. ఒకవైపు రెండు వందల కిలోమీటర్లకు పైనే. పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొస్తారు. అంటే రోజులో సగం బస్సులోనే కదా? విశ్రాంతి కోసం వెళ్లేవాళ్లు అది మాత్రం కొనకండి.

నేను చెప్పే లెక్క ఇది. బాకులో ఒక రాత్రి, ప్రయాణపు అలసట తీరడానికి. తర్వాత లాహిజ్ లేదా ఇస్మాయిల్లి దగ్గర రెండు రాత్రులు. తర్వాత షెకిలో మూడు రాత్రులు. చివర మళ్లీ బాకులో ఒకటి. మొత్తం ఏడు. కొండల కింద మకాములు రెండే రెండు. మూడోది పెట్టుకోవద్దు. పెట్టె సర్దడం, గది ఖాళీ చేయడం, కొత్త గది తాళం కోసం నిలబడటం, వీటికే సగం పూట పోతుంది.

ప్రయాణం సంగతులు త్వరగా చెప్పేస్తాను. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఆసాన్ ఈ-వీసా ఉంది. మామూలుగా మూడు పనిదినాల్లో వస్తుంది. ఒక్కసారి ప్రవేశానికి, గరిష్ఠంగా 30 రోజుల బసకు. ప్రభుత్వ సైటు చిరునామా చివర గవ్ డాట్ ఏజెడ్ అని ఉంటుంది, అది చూసుకోండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఎక్కువ డబ్బు లాగుతాయి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అలాగే, ఇంటిపేరుతో సహా, నింపండి. మన ఇంటిపేర్లు కొందరికి పొడి అక్షరాలుగా ఉంటాయి, కొందరికి పూర్తిగా ఉంటాయి. తేడా వచ్చేది అక్కడే. పదిహేను రోజులకన్నా ఎక్కువ ఉంటే అక్కడ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మన వారానికి ఆ అవసరం లేదు. ఇంకొకటి, 2020 నుంచి ఆ దేశం ప్రయాణికులకు భూసరిహద్దులు మూసేసి, ఆ గడువును పొడిగిస్తూ వచ్చింది. జార్జియా కూడా చూసి రోడ్డు మీద ఇటు వచ్చేద్దామనుకునేవాళ్లు ముందు అది కనుక్కోండి. విమానంలో రావడమే భద్రం.

విమానాల విషయంలో తాజా పరిస్థితి చూసుకుని టికెట్టు కొనాలి. 2025 మేలో భారత్, పాకిస్తాన్ ఘర్షణ సమయంలో అజర్‌బైజాన్ పాకిస్తాన్‌కు మద్దతు పలికింది. దాంతో మన దేశంలో కొన్ని ట్రావెల్ సంస్థలు అక్కడికి బుకింగులు ఆపేశాయి, చాలామంది ప్రయాణాలు రద్దు చేసుకున్నారు. వెళ్లాలా వద్దా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవాల్సిన విషయం, దాన్ని తేలిగ్గా తీసుకోను. వెళ్లేవాళ్లు మాత్రం రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే టికెట్లు, గదులు తీసుకోండి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు దారి సులువు, దుబాయ్ నుంచి దాదాపు మూడు గంటలు.

డబ్బు మనాత్. 2017 నుంచి డాలరుకు 1.70 మనాత్ దగ్గరే నిలిచి ఉంది. మన రూపాయల్లో ఒక మనాత్ అంటే యాభైకి కాస్త పైన అనుకోండి. షెకిలో, గబలాలో ఏటీఎంలు ఉన్నాయి. లాహిజ్‌కు నగదుతో వెళ్లండి, చిన్న నోట్లతో.

కారు సంగతి. సొంతంగా నడపాలంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి, దార్లో స్పీడు కెమెరాలు ఉంటాయి. నా సలహా, డ్రైవరుతో కారు మాట్లాడుకోండి. మాట్లాడేటప్పుడు నాలుగు విషయాలు తేల్చుకోవాలి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు? పెట్రోలు ఎవరిది? రాత్రి బస, తిండి ఎవరిది? లాహిజ్ దాకా వస్తాడా, కింద రోడ్డు మీదే దింపేస్తాడా? ఈ నాలుగోది చాలామంది అడగరు. కొండదారిలో తన కారు పాడవుతుందని కొందరు రామంటారు. ఇంకో పద్ధతి ఉంది. షెకిలో ఉన్న మూడు రోజులూ కారు అక్కర్లేదు. అక్కడికి చేరాక పంపేసి, తిరుగు ప్రయాణానికి వేరే కారు పెట్టుకోవచ్చు. బాకు నుంచి షెకికి రైలు కూడా ఉంది గానీ స్టేషను ఊరికి దూరం, మళ్లీ టాక్సీ కావాలి.

ఎప్పుడు వెళ్లాలి? మే, జూన్ మొదలు బాగుంటాయి, మధ్యాహ్నం వాన పడుతుంది. అన్నిటికన్నా మంచిది సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు చివరి దాకా. హేజెల్‌నట్లు అప్పటికే కోసి ఉంటాయి, చెస్ట్‌నట్లు రాలుతుంటాయి, దానిమ్మలు వస్తాయి. జూలై, ఆగస్టుల్లో గబలా కిక్కిరిసిపోతుంది. మార్చిలో నవ్రుజ్ పండుగ సెలవుల్లో గదులు దొరకవు, ధరలు పెరుగుతాయి.

లాహిజ్ వైపు

బాకు నుంచి పొద్దున తొమ్మిదికి బయల్దేరండి. మరజాలో ఆగండి. అక్కడ కొండరాతిని ఆనుకుని కట్టిన దిరి బాబా సమాధి ఉంది, 1402 నాటిది. అరగంట చాలు. షమాఖి ఒకప్పుడు షిర్వాన్ రాజ్యానికి రాజధాని. భూకంపాలతో పదేపదే కూలి, పదేపదే లేచిన ఊరు. 1902 భూకంపం చాలా నష్టం చేసింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, లాహిజ్‌లో ఇళ్ల గోడలు చూసినప్పుడు గుర్తుకు రావాలి. ఏటి రాళ్లతో కట్టిన గోడల్లో, కొన్ని వరసల రాళ్లకొకసారి అడ్డంగా చెక్క దూలాలు పేర్చి ఉంటాయి. భూమి కదిలినప్పుడు గోడ మొత్తం పగిలిపోకుండా ఆ చెక్క ఊపును తట్టుకుంటుంది. వీధి పరిచింది కూడా ఏటి రాళ్లతోనే. కాబట్టి ఎత్తు మడమల చెప్పులు వద్దు, వాన పడితే ఆ రాళ్లు జారుతాయి.

లాహిజ్ సముద్రమట్టానికి 1,200 మీటర్ల పైన, గిర్దిమాన్ నది పక్కన ఉంది. పెద్ద రోడ్డు నుంచి లోపలికి వెళ్లే దారి దాదాపు ఇరవై కిలోమీటర్లు, ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. భారీ వాన పడితే రాళ్లు జారిపడతాయి. ఏం చేయాలి? వెలుతురు ఉండగా ఊరు చేరాలి. వాన ముసురుకుంటే పట్టుదలకు పోకుండా ఇస్మాయిల్లిలో పడుకుని మర్నాడు వెళ్లండి. దార్లో మోషన్ సిక్‌నెస్ వచ్చేవాళ్లుంటే మాత్ర అరగంట ముందే వేసుకోవాలి, మలుపులు మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

ఆ ఊళ్లో మాట్లాడేది తాత్ భాష, పారసీక కుటుంబానికి చెందినది. ఊరికి పేరు తెచ్చింది రాగి పని. 2015లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ పనిలో అంచెలున్నాయి. రాగిని కరిగించి రేకు తీసేవారు ఒకరు, రేకును సుత్తితో కొట్టి పాత్రగా లేపేవారు ఒకరు, మీద నగిషీ చెక్కేవారు ఒకరు. కొనేటప్పుడు ఏం చూడాలి? పాత్రను ఎత్తి చూడండి, బరువు తెలియాలి. మీద సుత్తి దెబ్బల గుర్తులు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. అన్నీ ఒకేలా ఉంటే యంత్రం మీద అచ్చుగుద్దినదని అనుమానించాలి. లోపల కళాయి పూశారా లేదా? వంటకు వాడేదైతే కళాయి తప్పనిసరి, పులుపు తగిలితే రాగి దిగుతుంది. చింతపండు వేసే ఇళ్లు మనవి, ఇది మనకు మరీ ముఖ్యం. కళాయి లేనిది అలమరలో పెట్టుకోవడానికే.

తిండి విషయానికి, ఇక్కడ హోటళ్లకన్నా బస చేసిన ఇంట్లో వండించుకోవడం మేలు. రాత్రి ఏం కావాలో పొద్దున ఫలహారం దగ్గరే చెప్పేయాలి. సాయంత్రం ఆరింటికి చెప్తే ఉన్నదేదో పెడతారు, అది వాళ్ల తప్పు కాదు. పొద్దున బల్ల మీద తందూరు రొట్టె, తెల్ల జున్ను, వెన్న, తేనె, గట్టి మీగడ, టమాటా వేసిన గుడ్డు వస్తాయి. అదే పెద్ద భోజనం. మధ్యాహ్నం తేలిగ్గా గుతాబ్ తినండి. గుతాబ్ అంటే పల్చటి పిండిరేకులో ఆకుకూరలు పెట్టి, సగానికి మడిచి, సాజ్ అనే ఇనప పెనం మీద కాల్చేది. కొత్తిమీర, ఉల్లికాడలు, పాలకూర, పుల్లాకు వేస్తారు. పైన వెన్న రాసి, సుమాఖ్ అనే పుల్లటి పొడి చల్లుకుని తింటారు. మనిషికి రెండు, మూడు చాలు.

రెండో రోజు ఇవనోవ్కా వెళ్లండి. ఇస్మాయిల్లి జిల్లాలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో రష్యా నుంచి పంపేయగా వచ్చిన మొలకాన్లు, అంటే చర్చి పద్ధతుల్ని ఒప్పుకోని క్రైస్తవ శాఖ వాళ్లు, స్థిరపడిన ఊరు. సోవియట్ కాలపు సమష్టి వ్యవసాయ క్షేత్రం ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. పాలు, పెరుగు, వెన్న, తేనె కొనుక్కోండి. దారి నుంచి పక్కకు తిరిగితే బస్గల్ ఉంది, పట్టు రుమాళ్ల ఊరు. రుమాళ్ల సంగతి షెకి దగ్గర చెప్తాను.

గబలా గురించి క్లుప్తంగానే చెప్తాను. లాహిజ్ నుంచి షెకికి వెళ్లే దారిలోనే వస్తుంది. నోహుర్ సరస్సు ఒడ్డున భోజనం చేసి, గంట నడిచి, షెకికి సాగండి. అక్కడి నుంచి తొంభై కిలోమీటర్లు. తుఫాన్‌దాగ్ కేబుల్ కారు ఎక్కాలంటే ఆకాశం తేటగా ఉండాలి, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. మబ్బు పట్టినప్పుడు పైకి వెళ్లి మంచు తెరను చూసి రావడానికి అంత డబ్బు దండగ. వైన్ మీద ఇష్టం ఉన్నవాళ్లకు షమాఖి దగ్గర మెయ్‌సరి, గబలాలో సావలాన్ అనే వైన్ తయారీశాలలు ఉన్నాయి, ముందుగా చెప్పి వెళ్లాలి. మద్రాసా అనే స్థానిక నల్లద్రాక్షతో చేసింది అడిగి రుచి చూడండి.

షెకిలో మూడు రోజులు

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. షెకి.

పాత ఊరు 1772లో కీష్ నది వరదకు కొట్టుకుపోయింది. తర్వాత కాస్త ఎత్తున, పక్క లోయలో మళ్లీ కట్టుకున్నారు. పట్టు వ్యాపారంతో పెరిగిన ఊరు. ఇళ్ల పైకప్పులు ఎత్తుగా, ఏటవాలుగా ఉంటాయి. ఆ కప్పుల కింద పట్టుపురుగుల్ని పెంచేవారు. 2019లో ఈ చారిత్రక కేంద్రాన్ని, ఖాన్ రాజభవనాన్ని కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

బస ఎక్కడ? పాత కారవాన్‌సరాయిలో, అంటే వర్తకుల సత్రంలో, ఇప్పుడు హోటలు నడుస్తోంది. కమాను కప్పు గదులు, మధ్యలో తోట. అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఒప్పుకునే ముందు గది చూడండి. రాతి గదులు వసంతంలో, అక్టోబరు చివర చల్లగా ఉంటాయి, కిటికీలు చిన్నవి, మెట్లు నిటారు. వేడి నీళ్లు, హీటరు అడిగి తెలుసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పాత వీధిలోనే ఏదైనా చిన్న గెస్ట్‌హౌస్‌లో కింది అంతస్తు గది తీసుకోండి. కొత్త ఊళ్లో మాత్రం వద్దు. మూడు రోజులూ కాలినడకన తిరగాలంటే పాత వీధిలోనే ఉండాలి.

రాజభవనానికి పొద్దునే వెళ్లండి, ఎండ ఉన్న పొద్దున. ఎందుకంటే అక్కడ చూడాల్సింది వెలుగు. కిటికీలన్నీ షెబెకె. చిన్నచిన్న చెక్కముక్కల్ని ఒకదాంట్లో ఒకటి దిగేలా కోసి, మేకు లేకుండా, జిగురు లేకుండా అమర్చి, మధ్యలో రంగు గాజు పెడతారు. చదరపు మీటరుకు ఐదు వేల ముక్కల దాకా పడతాయి. ఒక్క ముక్క కొలత తప్పితే ఏమవుతుంది? ఆ తప్పు పక్క ముక్కకు, దాని పక్కదానికి పాకి, చివర చట్రం మూసుకోదు. అందుకే బాగా ఆరిన గట్టి కలప వాడతారు. పచ్చి కలప కుంచించుకుపోతే గాజు వదులై రాలిపోతుంది. భవనం ప్రాంగణంలోనే పనివాళ్ల అంగళ్లున్నాయి, ముక్కలు అమర్చి చూపిస్తారు. లోపల ఫొటోలు తీయనివ్వరు. ఫోను సంచిలో పెట్టేసి పై అంతస్తులో గోడల మీద వేట, యుద్ధ చిత్రాలు నిదానంగా చూడండి. బయట రెండు పెద్ద చినార్ చెట్లున్నాయి, వాటి కింద కూర్చోండి.

అక్కడ నుంచి బయటికొచ్చేసరికి పదకొండున్నర, పన్నెండు అవుతుంది. పితికి సరైన వేళ.

పితి ఎలా చేస్తారో వినండి, ఎందుకంటే తెలిస్తేనే ఎలా తినాలో తెలుస్తుంది. మనిషికొక చిన్న మట్టికుండ. రాత్రంతా నానబెట్టిన శనగలు ఒక గుప్పెడు. ఎముకతో గొర్రెమాంసం ముక్కలు. ఎండు ఆల్చా, అంటే పుల్లటి రేగిపండు సైజు ప్లమ్, ఒకటో రెండో. చెస్ట్‌నట్ ఉంటే చెస్ట్‌నట్, లేకపోతే బంగాళాదుంప. పైన గొర్రె తోక కొవ్వు ముక్క. నీళ్లు పోసి సన్న సెగ మీద ఏడెనిమిది గంటలు. కుతకుత ఉడకనివ్వరు. ఉడికితే శనగ చిట్లి, పులుసు మడ్డిగా అయిపోతుంది. చివర కుంకుమపువ్వు నీళ్లు కలుపుతారు.

తినడం రెండు దఫాలు. మొదట లోతు పళ్లెంలో రొట్టె తుంచి వేసుకోండి. మీద సుమాఖ్ చల్లండి. కుండను గుడ్డతో పట్టుకుని, చెంచాతో ముక్కల్ని ఆపుతూ పులుసు ఒక్కటే వంచుకోండి. ఆ నానిన రొట్టె తినేయండి. తర్వాత మిగిలిన శనగలు, మాంసం, కొవ్వు పళ్లెంలోకి తిప్పి, ఫోర్కుతో మెత్తగా మెదిపి, మళ్లీ సుమాఖ్ చల్లి, పచ్చి ఉల్లిపాయతో తినండి. సుమాఖ్ పులుపు, ఉల్లి ఘాటు లేకపోతే ఆ కొవ్వు వెగటు కొడుతుంది.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, అంతా ఒకేసారి వంపేసుకుంటారు. లేదా పితితో పాటు కబాబ్ కూడా చెప్తారు. వద్దండీ. మనిషికొక కుండ, అంతే. కొవ్వు ఇష్టం లేనివాళ్లు, అది లేకుండా చేయమని ఆ పూట అడిగి లాభం లేదు, తెల్లవారుజాము నుంచి అందులోనే ఉడికింది కదా. పైనున్న ముక్క తీసి పక్కన పెట్టుకోండి. తిన్నాక రెండు గంటలు నిద్రపోండి. ఆ రోజు మధ్యాహ్నానికి ఇంకే కార్యక్రమమూ పెట్టుకోవద్దు. సాయంత్రం టీ, రాత్రికి పెరుగు, పండ్లు చాలు.

మన దంపతుల్లో ఒకరు మాంసం తిని, ఒకరు తినని ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్ల కోసం ఇది కాస్త వివరంగా చెప్తాను. పితిలో శనగలు ఉన్నాయి కదా అని శాకాహారులు పులుసు తీసుకోకూడదు, అది మాంసపు పులుసే. పప్పు సూపు, మెర్జి అంటారు, అందులోనూ కొన్నిచోట్ల మాంసం ఉడికిన నీళ్లు పోస్తారు. అడగాలి. ఎలా అడగాలి? ‘ఎత్సిజ్’ అంటే మాంసం లేకుండా. గొడ్డుమాంసం తినని వాళ్లకు ‘మాల్ ఎతి’ అన్న మాట తెలిసి ఉండాలి, గొడ్డుమాంసం అదే. ‘దానా’ అంటే దూడమాంసం. ‘గోయున్’ అంటే గొర్రె, ‘తోయుగ్’ అంటే కోడి. కీమా పెట్టినవాటిలో గొడ్డుమాంసం కలుస్తుంది, కాబట్టి డోల్మా, మాంసపు గుతాబ్, లులా కబాబ్ చెప్పేటప్పుడు తప్పక అడగండి.

శాకాహారికి మరి ఏముంది? చాలా ఉంది. ఆకుకూర గుతాబ్, గుమ్మడికాయ గుతాబ్. నిప్పుల మీద కాల్చిన వంకాయ, టమాటా, మిరప కలిపి నూరిన మంగల్ సలాడ్. దోవ్‌గా అని పెరుగు సూపు ఉంది. పెరుగు, కొంచెం బియ్యం, గుప్పెళ్ల కొద్దీ కొత్తిమీర, సోయాకు, పుదీనా. మరుగు వచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి, ఆపితే విరిగిపోతుంది. కొన్నిచోట్ల మాంసం ఉండలు వేస్తారు, అడగండి. అన్నిటికన్నా ముఖ్యం ప్లోవ్. వాళ్ల ప్లోవ్‌లో అన్నం వేరే వండుతారు, మీద వేసుకునే గరా వేరే వండుతారు. మన బిర్యానీ పద్ధతి కాదు. కాబట్టి కుంకుమపువ్వు అన్నం మీద చెస్ట్‌నట్, ఎండు ఆప్రికాట్, కిస్‌మిస్, వెన్న వేసిన పళ్ల గరా మాత్రమే పెట్టమంటే పెట్టగలరు. అడుగున కరకరలాడే మాడుపొర, గజ్‌మగ్, అది కూడా అడిగి వేయించుకోండి. షా ప్లోవ్ మాత్రం జాగ్రత్త. లవాష్ రొట్టెలో చుట్టి కాల్చేస్తారు, లోపల మాంసం ముందే పెట్టేసి ఉండొచ్చు. అది ముందురోజే చెప్పి చేయించుకోవాల్సిన వంట.

రెండో రోజు పొద్దున హల్వా కోసం పెట్టుకోండి. షెకి హల్వా అని పేరే గానీ మన హల్వాకి దీనికి పోలిక లేదు. పోలిక చెప్పాలంటే ఆత్రేయపురం పూతరేకు చెప్పాలి. అక్కడా బియ్యప్పిండి, ఇక్కడా బియ్యప్పిండే. పూతరేకుకి వేడి కుండ మీద గుడ్డతో పల్చటి పొర తీస్తారు. షెకిలో పిండిని సన్న చిల్లులున్న గరాటులో పోసి, వేడి రాగిపళ్లెం మీద చుట్టూ తిప్పుతారు. దారాలు దారాలుగా పడి వలలా అతుక్కుంటుంది. దాన్ని రిష్తా అంటారు. నిమిషంలో అయిపోతుంది. ఆ వలలు ఎనిమిదో పదో పేర్చి, మీద దంచిన హేజెల్‌నట్ లేదా వాల్‌నట్, ఏలకులు, ధనియాలు పరిచి, మళ్లీ నాలుగైదు వలలు కప్పుతారు. కుంకుమపువ్వు నీళ్లతో గళ్లు గీస్తారు. నిప్పుల మీద కాల్చి, వేడివేడి పాకం పోస్తారు. తర్వాత కనీసం ఎనిమిది, పది గంటలు ఊరాలి.

ఇందులో మనకు పనికొచ్చే విషయం ఏమిటి? కొట్లో, ఇవాళ చేసిందే కావాలని పట్టుబట్టకండి. ఇవాళ పాకం పోసింది ఇంకా ఊరి ఉండదు, పైన తీపి, లోపల పొడి. నిన్న పోసింది అడగండి. కిలో లెక్కన అమ్ముతారు. ఇద్దరికి అక్కడ తినడానికి పావుకిలో ఎక్కువే, చాలా తియ్యగా ఉంటుంది. ఇంటికి తేవాలంటే బయల్దేరే రోజు కొనండి, డబ్బా చుట్టూ ప్లాస్టిక్ గట్టిగా చుట్టించి, పెద్ద పెట్టెలో అడ్డంగా పడుకోబెట్టండి. నిలబెడితే పాకం ఒక మూలకి దిగిపోతుంది.

హల్వా తినేది టీతో. అర్ముదు గ్లాసులో ఇస్తారు, నడుము సన్నగా ఉంటుంది. పైభాగం తాగేంత చల్లారినా కింద వేడి నిలుస్తుంది. పాలు పోయరు, దయచేసి అడిగి ఇబ్బంది పెట్టకండి. గడ్డ చక్కెరను టీలో ముంచి, కొరికి, ఆ మీద గుక్క తాగుతారు. పక్కన మురబ్బాలు పెడతారు. పచ్చి వాల్‌నట్ మురబ్బా, తెల్ల చెర్రీ, అంజూరం. ఇక్కడ ఒక జాగ్రత్త. పర్యాటకులు వచ్చే చోట్ల టీ అడిగితే అడగకుండానే మురబ్బాలు, గింజలు, పండ్లు బల్లంతా పరిచేస్తారు. అవన్నీ బిల్లులోకి వస్తాయి. మర్యాదనుకుని తినేసి, బిల్లు చూసి వాదించుకుంటారు. ముందే, టీ ఒక్కటే, ఒక మురబ్బా, ధర ఎంత, అని అడిగితే గొడవే ఉండదు. చాలా హోటళ్లు సేవా రుసుము బిల్లులోనే కలుపుతాయి, అదీ చూసుకోండి.

అదే రోజు సాయంత్రం కెలగాయి చూడండి. చతురస్రపు పట్టు రుమాలు, ఒకటిన్నర మీటరుకు పైగా ఉంటుంది. 2014లో యునెస్కో జాబితాకెక్కింది, షెకి, బస్గల్ దీని ఊళ్లు. చెక్క అచ్చును వేడి మైనంలో ముంచి గుడ్డ మీద వేస్తారు. రంగులో ముంచినప్పుడు మైనం ఉన్నచోట రంగు అంటదు. తర్వాత మైనం తీసేస్తారు. ఎక్కువగా కనిపించే అచ్చు మామిడిపిందె ఆకారం, బుటా అంటారు. అసలుదానికి అచ్చు అతుకులు దగ్గరగా చూస్తే కొంచెం తేడాగా కనిపిస్తాయి, రంగు రెండు వైపులా దిగి ఉంటుంది. ఒకవైపే రంగుండి, వెనక వెలిసినట్టుంటే ముద్రణ గుడ్డ. తివాచీ కొనేవాళ్లకు ఒక మాట, దేశం దాటించడానికి ధ్రువపత్రం కావాలి, అది బాకులోని తివాచీ మ్యూజియం ఇస్తుంది. పత్రం తెప్పించి ఇస్తామన్న కొట్లోనే కొనండి, ఒకటి రెండు రోజుల వ్యవధి పెట్టుకోండి.

మూడో రోజు కీష్ ఊరు, ఐదారు కిలోమీటర్లు. అక్కడి రాతి చర్చి, ఈ ప్రాంతంలో ఒకప్పుడున్న కాకేసియన్ అల్బేనియా అనే రాజ్యం నాటి క్రైస్తవానికి గుర్తు, ఇప్పుడు మ్యూజియం. నేల మీద అద్దాల కింద పాత సమాధులు కనిపిస్తాయి. బాల్కన్ల అల్బేనియాకి దీనికి సంబంధం లేదు, తికమకపడకండి. ఊళ్లో నడిచి, టీ తాగి వచ్చేయండి. ఆ రోజుకి అంతే. ఖాళీ కనిపించిందని గఖ్, ఇలిసు కూడా కలిపేద్దామని డ్రైవరు అనొచ్చు. మంచి ఊళ్లే, కానీ ఆ రోజు వద్దు.

తిరుగు ప్రయాణం కింది రోడ్డున, మైదానం మీదుగా చేయండి. అక్టోబరు చివరైతే గోయ్‌చాయ్‌లో ఆగండి, దానిమ్మల ఊరు, రోడ్డు పక్కనే రసం తీసి ఇస్తారు. రసం మరకలు పోవు, తెల్లబట్టలు వేసుకోకండి.

ఇక ప్రశ్నలు. అమ్మా, మీరు అడగండి. కారం ఉండదు కదా, పచ్చళ్లు తీసుకెళ్లాలా అంటున్నారు. కారం ఉండదు, నిజమే. కారప్పొడి చిన్న డబ్బాలో పట్టుకెళ్లండి, పచ్చడి నూనె పెట్టెలో కారుతుంది. ముందు సుమాఖ్‌తో, పచ్చి ఉల్లితో, ఆకులతో తిని చూడండి, పులుపు మీద బతికే నాలుక మనది, రెండో రోజుకి అలవాటవుతుంది.

అక్కడ వెనక ఎవరో... శీతాకాలంలో వెళ్లొచ్చా? గబలాలో మంచు ఆటలకి వెళ్లొచ్చు. లాహిజ్ దారి నమ్మకం ఉండదు, దాన్ని వదిలేయండి. షెకిలో పితి మాత్రం చలిలోనే ఇంకా బాగుంటుంది.

మీరు చెప్పండి బాబూ. సెలవు నాలుగు రాత్రులే ఉంది, ఏది తీసేయాలి? లాహిజ్ తీసేయండి. బాకులో దిగిన రాత్రి అక్కడే పడుకోండి. మర్నాడు నేరుగా షెకి, ఐదు గంటలు. షెకిలో రెండు రాత్రులు, నాలుగోది బాకులో. చేరిన రోజు పితి కోసం పరుగెత్తకండి, అందదు. ఆ సాయంత్రం గుతాబ్ తిని, టీ తాగి పడుకోండి. రెండో రోజు పొద్దున రాజభవనం, పన్నెండుకి పితి. హల్వా మూడో రోజు పొద్దున, కారు ఎక్కే ముందు కొనండి.